సరుకున్నంత కాలం

అరవైల్లో జంషెడ్‌పూర్ కద్మాలో మాకు సైన్సు చెప్పిన టీచరమ్మ, హుషారొస్తే చేతిలోని సుద్దముక్కను పైకి ఎగరేసేవారు. మాట ఆపకుండా, అటు చూడకుండానే పట్టుకునేవారు.

ఒక సాయంత్రం పాఠం పొడుగైంది. మన పాలపుంతలో కొత్త నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయని, కొన్ని గెలాక్సీల్లో ఆ పుట్టుక దాదాపు ఆగిపోయిందని చెబుతున్నారు. ఎందుకాగిందో మా బుర్రలకెక్కడం లేదు. అంతలో ఉక్కు కార్ఖానాలో ఫర్నేసు డ్యూటీ దిగిన మా నాన్న నన్ను తీసుకెళ్ళడానికి గుమ్మంలోకొచ్చాడు. ఆయన వెనక ఆకాశమంతా, కార్ఖానాలో కరిగిన చిట్టెం, అదే స్లాగు, పారబోస్తున్న వెలుగుకి ఎర్రబడి ఉంది.

టీచరమ్మ కళ్ళు మెరిశాయి. "అన్నయ్యగారూ, మీ ఫర్నేసు ఎప్పుడారుతుంది?"

"ఆరడమేటమ్మా! పైనుంచి సరుకు ఏత్తన్నంతకాలం మండతానే ఉంటాది."

"అదేనర్రా! నక్షత్రాలకి సరుకంటే గ్యాసు. ఆ గెలాక్సీల్లో అది అయిపోయింది. ఇంకొన్నింట్లో మనకంటే జోరుగా ఖర్చయిపోతోంది. మన పాలపుంతలో మాత్రం నిదానంగా, ఈ క్షణాన కూడా..."

నాన్న ఆకాశంకేసి చూశాడు. "అయితే మనదింకా డూటీలోనే ఉందన్నమాట!"

టీచరమ్మ సుద్దముక్కను దూలందాకా ఎగరేసి, రెండు చేతులా చప్పట్లు కొట్టేశారు. ఈసారి దాన్ని పట్టుకున్నది మా నాన్న.