తొమ్మిది బెజ్జాల బీరువా

నూర్ అహ్మద్ భాయ్‌కి భయం. బల్లి అంటేనో, ఉరుము అంటేనో ఉండే మామూలు భయం కాదు. కుర్చీ అంటే భయం, బల్ల అంటే భయం, మంచం అంటే మరీ భయం. మరి ఆయన చేసే వ్యాపారం ఏమిటయ్యా అంటే, పుంగనూరులో పాత కుర్చీలు, బల్లలు, మంచాలు కొని, బాగుచేసి, రంగు వేసి అమ్మడం.

పెళ్లయిన కొత్తలో మేం ఆయన కొట్టు మేడమీద ఆరేళ్లు అద్దెకున్నాం. కింద ఆయన భయపడుతుంటే పైన నాకు వినపడేది. పాత కుర్చీ రాగానే ఉప్పుకాగితంతో రంగంతా రుద్దేసి, పగుళ్లలో లప్పం కూరి, రెండు పూతలు కొత్త రంగు వేసేవాడు. ఇంకొకరైతే అక్కడితో అమ్మేసుకుంటారు. నూర్ భాయ్ మాత్రం ఆ కుర్చీలో మూడు రోజులు తనే కూర్చునేవాడు. టీ అందులోనే, భోజనం అందులోనే, భార్య సఫియా చేత చీవాట్లు తినడమూ అందులోనే. ఆ ఇంటి ధైర్యమంతా సఫియా వాటాకే వచ్చింది.

“కుర్చీ ఇరిగి మనిషి పోవడం నువ్వెప్పుడన్నా సూసినావా మాధవమ్మా?” అని అడిగాడొకసారి.

“లేదు భాయ్.”

“నేనూ సూళ్లేదు. అందుకే ఇంకా భయం. ఎప్పుడో ఒకప్పుడు జరగాల గదా!”

బల్లకు పదునైన మూల కనిపిస్తే ఆయనకు అన్నం దిగేది కాదు. నలుచదరంగా వచ్చిన బల్లలన్నీ కొట్టులోంచి దోసెల్లా బయటికి వెళ్లేవి. మంచాల సంగతి చెప్పనే అక్కర్లేదు. “పడితే జానెడే పడాల” అని కాళ్లన్నీ జానెడుకు కోసేసేవాడు. పుంగనూరులో ఎవరింట్లోనైనా పడుకుని చెయ్యి జారవిడిస్తే నేల తగిలిందా, అది నూర్ భాయ్ మంచమే.

ఒకసారి మదనపల్లె నుంచి భీమరావుగారని రిటైరైన లెక్కల మాస్టారు కుర్చీ కోసం వచ్చాడు.

“సార్, మీరు మెల్లగా కూసుంటారా, ఇసురుగా కూసుంటారా?”

“ఎట్ల కూసుంటే నీకేమప్పా?”

“ఇంట్లో సిన్నబిడ్డలుండారా? పిల్లి ఉండాదా?”

“నేను కుర్చీ కొనేకొచ్చినానా, పెండ్లిచూపులకొచ్చినానా?”

ఎలాగో కుర్చీ అమ్మాడు. పది రోజులకు మదనపల్లెలో ఆ మాస్టారి గుమ్మంలో స్క్రూడ్రైవరుతో ప్రత్యక్షమయ్యాడు. “సర్వీసు” అన్నాడు. కుర్చీకి సర్వీసేమిటని మాస్టారు నోరు తెరిచేలోగా దాన్ని తలకిందులు చేసి, నాలుగుసార్లు కుదిపి, నిట్టూర్చి, బస్సెక్కేశాడు. అమ్మిన ప్రతి సామానుకూ అంతే. పిలవక్కర్లేదు, వద్దన్నా ఆగడు.

తర్వాత మా ఆయన భరత్ సేద్యం చేస్తానంటే రామకుప్పం దగ్గర, అడవి అంచున ఉన్న మా అత్తగారి ఊరికి వచ్చేశాం. అప్పటికి మా సంగీతకు మూడేళ్లు. నాకొక చెక్క బీరువా కావాల్సివచ్చింది. మదనపల్లెలో ఏదో పాత బంగళాలో దొరికిన బీరువాకు నూర్ భాయ్ ఆకుపచ్చ రంగు వేసి ఉంచాడు. దాని ఇత్తడి గడియ చూసి నేను మనసు పారేసుకున్నాను. తలుపు మూస్తే చాలు, తనంతట తనే టక్కున పడుతుంది.

“ఈ గడియ పీకేస్తానమ్మా. లోపల బిడ్డ దూరితే?”

“గడియ కోసమే కొంటాండాను భాయ్. దాన్ని ముట్టుకుంటే బీరువా నువ్వే పెట్టుకో.”

ఆయన మొహం వాడిపోయింది. తేళ్లు దూరతాయన్న భయంతో అప్పటికే తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అతికించి ఉన్నాడు. ఇప్పుడా రబ్బరు వల్ల గాలి ఆడదని ఇంకో భయం. ఒక భయానికి మందేస్తే దానికో పిల్ల పుట్టేది ఆయనకు.

బీరువా ఇంటికొచ్చింది. చూద్దును గదా, పక్క పలకకు అడుగున అయిదు బెజ్జాలు! వెంటనే ఫోన్ చేశాను.

“బీరువాకి అమ్మవారు పోసిందా భాయ్?”

“గాలికమ్మా.”

“చీరలకు గాలి యాల?”

ఆ మధ్యాహ్నమే అయిదింటికీ లప్పం కూరి, పైన రంగు పూసేశాను.

పది రోజులకు సఫియాను వెంటబెట్టుకుని సర్వీసుకు దిగాడు. లప్పం చూశాడు. నన్ను చూశాడు. “అందరూ బయటుండండమ్మా, పాలిష్ వాసన మంచిది కాదు” అని గది తలుపేసుకున్నాడు. లోపల గంటసేపు గీరుడు చప్పుడు.

“బీరువాకి పురుడు పోస్తాండాడా ఏమి?” అంది మా అత్త నారాయణమ్మ.

ఆయన వెళ్లాక చూస్తే బీరువా గోడకు జానెడు ఎడంగా ఉంది. గోడ చెమ్మ తగలకుండా అన్నాడు కాబట్టి నమ్మాను. ఆర్నెల్లకోసారి మళ్లీ రెండుసార్లు వచ్చి, అలాగే గది తలుపేసుకున్నాడు. వచ్చినప్పుడల్లా సంగీతను పక్కన కూర్చోబెట్టుకుని తలమీద చెయ్యి పెట్టేవాడు. మంచినీళ్లిస్తే చెంబుడూ గటగటా తాగేసేవాడు. బస్సు ప్రయాణం పడటం లేదు పాపం అనుకున్నాను.

పోయిన నవంబరులో, రాగిచేను కోతకొచ్చిన రోజుల్లో, తెల్లారి ఏడింటికి ఏనుగులు మా ఇంటి వెనక్కే వచ్చేశాయి. నాలుగు. ఊరంతా డబ్బాలు వాయిస్తూ, టపాసులు కాలుస్తూ చేలోకి పరుగెత్తింది. అవి అడవివైపు మళ్లాక నేను ఇంట్లోకి వచ్చాను. నిద్రపోతూ ఉండాల్సిన సంగీత పక్కలో లేదు.

మంచం కింద చూశాం. పశువుల కొట్టం, గడ్డివామి, నీళ్ల సంపు, బావి అన్నీ చూశాం. భరత్ చేలో వంగి, చాటలంత ఏనుగు అడుగుల మధ్య చిన్న అడుగేమైనా ఉందా అని వెతుకుతున్నాడు. అంత భయం నేను పుట్టి ఎరగను. అప్పుడు ఫోన్ మోగింది.

“మాధవమ్మా, మీ పక్క ఏనుగులంట గదా, వీడియో వచ్చింది. అందరూ బాగుండారా?”

“బిడ్డ కనపళ్లేదు భాయ్!”

“బీరువా సూసినావా?”

“గడియ బయట పడుండాది భాయ్, లోపలికెట్ల...”

“అది దానంతటదే పడతాది తల్లీ! సూడు ముందు!”

గడియ లేపాను. చీరల కింద మోకాళ్లు ముడుచుకుని, వెనక పలకకు ముక్కు ఆనించి కూర్చుని ఉంది నా బిడ్డ. ఒళ్లంతా చెమట.

“ఏనుగు పోయిందామ్మా?” అంది.

బిడ్డను గుండెకదుముకుని అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే చూశాను. వెనక పలకకు తొమ్మిది బెజ్జాలు. మూడు వరుసలు, ఒక్కో వరుసా కింది దానికంటే వేలెడు ఎత్తున. ఆర్నెల్లకోసారి తలమీద చెయ్యి పెట్టింది ముద్దుకు కాదు, కొలతకు. బిడ్డ ఎదిగిన కొద్దీ ముక్కెత్తుకు ఇంకో వరుస. వేలుపెట్టి చూశాను. ముక్కు గీరుకోకుండా ప్రతి బెజ్జం అంచూ ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది ఉంది.

“భాయ్,” అన్నాను ఫోన్‌లో, “ఏనుగులు తిరిగే దారిలో మూడుసార్లు ఎట్లొచ్చినావు నువ్వు?”

“పలమనేరు దాటినాక కండ్లు మూసుకుంటాను గదమ్మా.”

వెనక నుంచి సఫియా గొంతు వినిపించింది: “నన్ను కిటికీ పక్కన కూసోబెట్టి, నా ఎనక దాక్కున్యాడు. అది గూడా సెప్పు!”

మర్నాడే వచ్చాడు, సఫియాను ముందు నడిపించుకుంటూ. ఇత్తడి గడియను నేనే దగ్గరుండి పీకించాను. అయిపోయాక నూర్ భాయ్ మా మంచం వైపు దిగులుగా చూశాడు. అది మా అత్తగారి కాలంనాటి పట్టెమంచం, నడుమెత్తు ఉంటుంది.

“రంపం తెచ్చినావా భాయ్?” అన్నాను.

“తెచ్చినానమ్మా” అన్నాడు, సంచిలో చెయ్యి పెడుతూ.