మట్ట దూరే గోడ

మా అత్త ఇంటికి ప్లాను గీసింది నేనే. ఈ మాట ఇప్పటికి ఎందరితో చెప్పానో నాకు గుర్తు లేదు. పాపం, విన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అప్పట్లో టెక్కలిలో ఒక ఇంజనీరు దగ్గర నా ఉద్యోగం. ఆయన గీసినదాని మీద పల్చటి కాగితం పరిచి అదే మళ్లీ గీయడం. తలరాత ఎలా ఉన్నా గీతలకు మాత్రం కొదవ లేదు. ఎన్నో సిమెంటు ఇళ్లు నా చేతి మీదుగా వెళ్లాయి. ఒక్కదానిలోనూ నా సొంత ఆలోచన కిటికీ అంత కూడా లేదు.

తొంభై తొమ్మిది తుఫాను ఉద్దానంలో మా అత్త కొబ్బరి తోటను సగం నేలకు పడుకోబెట్టేసింది. ఒక చెట్టు పడుతూ పడుతూ ఆవిడ తాటాకింటిని కూడా తోడు తీసుకుపోయింది. ఆవేళ ఊళ్లోవాళ్లతో కలిసి చర్చిలో తలదాచుకుంది కాబట్టి మనిషి దక్కింది. ఆ తర్వాత తోటలోనే నాలుగు గుంజల మీద టార్పాలిన్ కట్టుకుని ఉండిపోయింది. పలాసలో మా అద్దె ఇంటికి బలవంతాన తీసుకొచ్చాం. వారం తిరక్కుండానే ముఖం పీక్కుపోయింది, అన్నం తినడం మానేసింది.

"ఈ కొంపలో గాలి కూడా అద్దెకే తెచ్చినారేటి?" అని మూట కట్టుకుని బస్సెక్కేసింది.

మా బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, తాపీ మేస్త్రీ. తోటలోనే పక్కా ఇల్లు కట్టేస్తానని టేపు పట్టుకుని దిగారు. "అదిగో, ఆ మూడు సెట్లూ కొట్టీత్తే సుబ్బరంగా స్లాబు పడతాది."

"గాలి కూల్చనేకపోయినవాటిని నువ్వు కూలుత్తావేటిరా? నిలబడ్డ సెట్టు ఒక్కటి కొట్టినా నాను ఆ ఇంట్లో అడుగెట్టను."

"అయితే ఇను. వానలు పడీలోగా ఇక్కడ ఇల్లు లెగకపోతే నిన్ను పలాస తీసికెలిపోతాను. మరి మాటాడకు."

మా అత్త వెళ్లి ఆ మూడు చెట్లలో ఒకదానికి వీపు ఆనించి కూలబడింది. అది చూసి నాకు భయం వేసింది. పలాస వస్తే ఆవిడ బతుకుతుంది గానీ, ఆవిడలా ఉండదు. నా నోటికి ఎప్పుడూ నా అనుమతి అక్కర్లేదు. "పడిన చెట్లతో కడదాం. చెట్ల మధ్యలో పట్టేంత ఇల్లు. నేను గీస్తాను," అనేసింది.

మా ఆయన నా వైపు చూశారు. గోడకు మేకు కొట్టమంటే నా వేలి మీద కొట్టుకునే రకాన్ని నేను.

పడిన చెట్లు ఖాళీ చేసిన చోటే మాకు స్థలం. నిలబడిన చెట్టు నుంచి చెట్టుకు తాడు కట్టి కొలిచాను. ఒక గది, వంటకు చిన్న జాగా, ముందు అరుగులాంటి వరండా. నేలకు మోకాలెత్తున రాతి దిమ్మెలు, వాటి మీద కొబ్బరి స్తంభాలు, చెక్క గోడలు, పైన పెంకులు. కాగితం మీద ముచ్చటగా ఉంది. కాగితం మీద ఏ ఇల్లయినా ముచ్చటగానే ఉంటుంది, ఆ సంగతి నా ఉద్యోగంలో చూసిందే. అందుకని పొయ్యి బూడిద తెచ్చి, ఆ ప్లానునే ఇసక మీద అసలు కొలతల్లో గీసేశాను.

సాయంత్రానికి ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. నా గోడల్లోంచి ఇటు నుంచి అటు నడిచిపోతున్నారు. "అది గోడ! గుమ్మం ఇటు!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఒక ముసలాయన మాత్రం బూడిద గుమ్మం ముందు చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వచ్చాడు. ఆయన్ని ఈ జన్మలో మర్చిపోను.

మా అత్త అదంతా చూసి, మూడు రాళ్లు తెచ్చి నా బూడిద వంటింట్లో పెట్టింది. టీ నీళ్లు ఎక్కించింది. ఒక ఎండు కొబ్బరి మట్టను ఈడ్చుకొచ్చి, మొదలు పొయ్యిలో పెట్టి అంటించింది. మా వైపు మట్టను నరికి ముక్కలు చేసే అలవాటు లేదు. నిండు మట్టను అలాగే పెడతారు, కాలే కొద్దీ కాలితో లోపలికి తోస్తూ ఉంటారు. ఆ మట్ట నా వంటింటిని దాటి, గోడను దాటి, అవతలి చెట్టు మొదలు దాకా పడుకుంది.

"సూడు పిల్లా, నీ గోడ మట్ట మీద కట్టినావు."

"ముక్కలు చేసుకోవచ్చు కదా అత్తా?"

"ఈ వొయిసులో కత్తట్టుకు కూకోమంతావా? మట్ట పొడుగుది, ఇల్లు పొట్టిది. ఎవుల్ని నరకాల?"

నేను పుట్టి పెరిగింది కూడా ఈ తోటల్లోనే. అలాంటి పొయ్యి ముందు కూర్చుని కళ్లు మండించుకున్నదాన్నే. అయినా చెయ్యి మాత్రం అలవాటుగా గ్యాసు బండకు సరిపోయే వంటిల్లు గీసింది. పెంచుదామంటే అటువైపు చెట్టు. గదిని తగ్గిస్తే మంచం పట్టదు. నాలుగు రోజులు ఆఫీసులో ఇంజనీరు గారి గీతల కింద నా వంటింటినే గీసుకున్నాను.

పరిష్కారం టెక్కలి బస్సులో దొరికింది. బస్సు కదలబోతుంటే కిందనున్న ఒకాయన చెరుకు గడలను కిటికీలోంచి లోపలికి తోశాడు. అవి వచ్చి నా భుజానికి గుచ్చుకున్నాయి. బుర్రకు తగలాల్సింది భుజానికి తగిలినా, కబురు బుర్రకు చేరింది. పొయ్యి లోపల ఉండాలి. మట్ట లోపల ఉండాలని ఎవరన్నారు?

పొయ్యి ఎత్తున గోడకు ఒక కన్నం, దానికి చిన్న తలుపు. మట్ట బయటి నుంచి వస్తుంది, మొదలు మాత్రమే లోపలికి; కాలే కొద్దీ లోపల్నుంచి లాక్కోవచ్చు. పొయ్యి చుట్టూ నడుమెత్తు ఇటుక కట్టు, చెక్కకు సెగ తగలకుండా. ఆ వైపు చూరును బయటకు సాగదీశాను, వానకు మట్టలు తడవకుండా.

"దొంగలకి కస్టం నేకండా కన్నం మనవే ఎట్టీసి కడతన్నామన్నమాట," అన్నారు బావగారు. అయినా ఆ ఇటుక కట్టు మాత్రం ఆయనే వచ్చి కట్టారు.

కొబ్బరి మాను లోపల మెత్తన, పైన ఇనుము. పలాస కోత మిల్లువాడిది ఒకటే గోల: "అమ్మా, ఇది కర్రా కాదా? నా రంపానికి పళ్లూడిపోతన్నాయి!" పడిపోయిన పనస చెట్టు తలుపులయింది, తాటి మాను దూలాలయింది. పురుగు పట్టకుండా పూయడానికి మా ఆయన తను పనిచేసే జీడి ఫ్యాక్టరీ నుంచి జీడిపిక్కల తొక్క నూనె డబ్బాలతో తెచ్చారు. ఆ నూనెకు కర్ర నల్లగా నిగనిగలాడింది. నా చేతులు ఎర్రగా బొబ్బలెక్కాయి.

"నూనె ఇంటికి రాసినావా, ఒంటికి రాసుకున్నావా అమ్మా?" ఇదీ బావగారే.

మొదటి వానకు ముందే పెంకులు పడ్డాయి. ఇంటి ప్రార్థనకు వచ్చిన సంఘంలో పాస్టరు గారూ మా అత్తా లోపల, మిగతా అందరూ చెట్ల కింద. పాట మాత్రం అంతటా సరిపోయింది. అందరూ వెళ్లాక మా అత్త తోటంతా తిరిగి, చెట్టు చెట్టునూ చేత్తో తడిమి, అప్పుడు లోపలికి అడుగు పెట్టింది.

బావగారు అరుగు మీద నుంచి లేవలేదు. "లెగిసింది సరే. గాలొచ్చినప్పుడు నిలబడతాదో నేదో సూద్దారి. నేదంటే మాత్రం పలాసే."

గాలి ఎక్కువ రోజులు కాచుకోనివ్వలేదు. ఆ ఏడాది చివర్లో ఒక రాత్రంతా వీచింది. పలాసలో మేం కిటికీ రెక్కలు పట్టుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి బావగారు ఆటో తెచ్చి వాకిట్లో ఆపారు, అమ్మనూ సామాన్లనూ ఎక్కించుకు రావడానికి. నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. ఆయనే మాట్లాడకపోతే నాకెలా ఉంటుంది! మందస దాటాక రోడ్డు మీద కమ్మలు, కాయలు, ఎవరివో తాటాకు కప్పులు. నా ఇంటి ప్రతి మేకూ కళ్ల ముందు ఊడి పడుతోంది.

తోట మొదట్లో ఆటో దిగి, వానలో వెనకవైపు నుంచి నడిచాం. చెట్ల మధ్య నల్లటి గోడ కనిపించింది. పెంకులు నాలుగైదు జారాయి. చెక్క ఇల్లు చెక్కు చెదరలేదు.

మనిషి అలికిడి లేదు. బావగారు ఆగిపోయారు. అప్పుడు చూశాం. చూరు కింద నేల మీద ఒక ఎండు మట్ట పడుకుని ఉంది, దాని మొదలు గోడలో ఉంది. మేం చూస్తుండగానే ఆ మట్ట జానెడు ముందుకు జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది.

 బావగారు వంగి, మట్ట చివర పట్టుకుని నెమ్మదిగా ఇంకొంచెం లోపలికి తోశారు.

"ఎవుడ్రా అది, మట్ట తోత్తన్నాడు!" గోడలోంచి మా అత్త గొంతు ఖంగుమంది. "సారు పొంగిపోతాదిరా!"

"నానేనే అమ్మా. ఏటి సారు?"

"సింతపండు సారు. లోపలికి రండి, గుమ్మం అటుంది."

ఆటో తిరిగి వెళ్లేటప్పుడు అందులో మా అత్త లేదు, రాలిన కొబ్బరికాయలున్నాయి. బావగారు డ్రైవరుకి దారి పొడుగునా ఇంటి సంగతే చెబుతున్నారు. "కన్నం సూసినావా? మా మరదలు ఎట్టింది. అలాంటి ఇల్లు నువ్వెక్కడా సూసుండవు."

కర్ర ఇల్లు ఒకటి కట్టానని నేను ఇప్పటికీ అందరి మీదా కర్రపెత్తనం చేస్తానంటారు మా ఆయన. చేస్తాను. చెయ్యనా మరి?