తెల్లరెక్క కింద తొమ్మిది ఆమేన్‌లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలండి. నా పేరు రూతమ్మ, ఆకివీడు దగ్గర్నించి ఈ తాడేపల్లిగూడెం మందిరానికి వచ్చాను. రొయ్యల పచ్చడి కలపమంటే కలుపుతాను గానీ మైకు ముందు మాట్లాడ్డం నాకు చేతకాదండి. అయినా దేవుడు చేసిన మేలు కడుపులో దాచుకుంటే అరగదు, అందుకే నిలబడ్డాను.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున మా పెరట్లో పెద్ద టబ్బు నిండా నీళ్ళు పోసి, పచ్చడి సీసాలన్నీ అందులో ముంచి, నా చేత్తో అంటించిన లేబుళ్ళు నా చేత్తోనే ఊడదీశానండి. కొల్లేటి మంచు ఇంకా విడలేదు, దొడ్డి గోడ కూడా కనపడ్డం లేదు, లేబుళ్ళు ఒక్కొక్కటీ సీసాని వదిలేసి పైకి తేలి, వాటి మీది తెల్లటి రెక్క బొమ్మలు నీళ్ళలో మెల్లగా తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఏడుపు కూడా రాలేదు! 'తెల్లరెక్క' అనే పేరు ఇక నాది కాదని, వాడితే కోర్టుకి లాగుతామని ముందురోజే లాయరు నోటీసు వచ్చింది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలండి. మా ఆయన ప్రకాశం గారు చేపల లారీ నడిపేవారు, పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అప్పుడు నేను పచ్చడి మొదలుపెట్టాను, ఆయన మంచం మీద కూర్చుని ఎడం చేత్తో వెల్లుల్లి వలిచేవారు. మొదటి వాయి తయారైంది గానీ దానికి పేరు లేదు. మా అమ్మ కొల్లేటి మధ్య లంకలో ఉండేది, ఆవిడకి రుచి చూపిద్దామని తెల్లారుతుండగా దోనె ఎక్కాను, ఆ మంచులో ఆకాశం ఏదో నీళ్ళు ఏవో తెలియలేదండి, దోనె నడిపే మనిషి కూడా మసకగానే ఉన్నాడు, నిద్రో మెలకువో నాకే తెలియని స్థితిలో "తండ్రీ, నా చేతిపనికి నువ్వే ఒక పేరు పెట్టు" అన్నాను. అంతే, మంచులోంచి ఏదో పక్షి నా నెత్తి మీదుగా పోయింది, ఒళ్ళు కనపడలేదు, ముక్కు కనపడలేదు, ఒక్క తెల్లటి రెక్క మాత్రం కనపడింది! నాకు పేరు దొరికింది.

మా సంఘంలో ప్రతి శుక్రవారం జరిగే స్త్రీల ఉపవాస ప్రార్థనకి ఒక పద్ధతుందండి. ఎవరి మనవి వాళ్ళు పొడుగాటి నోటుబుక్కులో రాస్తారు, ఆ మనవితో ఏకీభవించి ప్రార్థించినవాళ్ళు దాని కింద 'ఆమేన్' అని రాసి సంతకం పెడతారు. మా కోడలు శాంతి గీసిన మొట్టమొదటి లేబుల్‌ని ఆ శుక్రవారం మైదా జిగురుతో ఆ పుస్తకంలో అంటించి, "ఈ పేరును కాపాడు ప్రభువా" అని పాస్టరమ్మగారి చేత రాయించి, కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడిపోయాను. ఎవరెవరు సంతకం పెట్టారో నేను చూడలేదు.

దేవుడు ఆశీర్వదించాడు. మా పచ్చడి ఏలూరు, గూడెం దాకా వెళ్ళింది. గూడెంలో ఒక విశ్వాసి, మా కొల్లేటి చేపల వ్యాపారంలో పరిచయమైన మనిషే, తన షాపులో పెట్టి అమ్మేవారు. "లేబుళ్ళు నేనే అచ్చు వేయిస్తానమ్మా, మీకెందుకు శ్రమ" అంటే, సహోదరుడే కదా అని సరేనన్నాను. మా శాంతి బీకామ్ చదివింది, "అత్తయ్యా, ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయిద్దామండి" అని ఎన్నిసార్లు చెప్పిందో! "ఏవే, దేవుడిచ్చిన పేరుని మళ్ళీ గవర్నమెంటు ఇవ్వాలా? అది అవిశ్వాసం కాదూ" అని కసిరేదాన్ని. "మరి ఇంటికి ప్రార్థన చేసి కూడా తాళం వేస్తారు కదండీ" అంది ఒకసారి. నాకు కోపమొచ్చి ఆ పూట దాంతో మాట్లాడలేదు. నేను విశ్వాసమనుకున్నది నిజానికి బద్ధకం, అందులో కొంచెం గర్వం కూడా ఉందండి, దేవుడు నన్ను క్షమించును గాక.

ఆ సహోదరుడు ఆ పేరు తన పేరున దరఖాస్తు పెట్టేసుకున్నారు. ఎక్కడో కలిపించిన పచ్చడి నా రెక్క బొమ్మ వేసి అమ్మారు. పెంటపాడులో ఒక పెళ్ళివారు ఫోన్ చేసి, "ఏవమ్మా, ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టుంది నీ పచ్చడి" అని కడిగేశారు. అది నా సీసా కాదని ఎలా చెప్పనండి? ఆ తర్వాతే నోటీసు వచ్చింది. మా ఆయన "పోనీలే రూతూ, పేరు లేకుండానే అమ్ముకుందాం" అన్నారు. నేను ఆ టబ్బు పక్కనే మోకాళ్ళూని, "ప్రభువా, ఇది నువ్విచ్చిన పేరు, నేను కాపలా కాయలేకపోయాను, తప్పు నాదే, అయినా నన్ను నీ రెక్క కింద ఉంచుకో" అని మొరపెట్టాను.

శాంతే నన్ను ఏలూరు తీసుకెళ్ళింది, పవర్‌పేటలో ఒక లాయరమ్మ దగ్గరికి. ఆవిడ ముస్లిమండి, నేను కూర్చోగానే ప్రార్థన మొదలుపెడితే, అయ్యేదాకా పెన్ను కింద పెట్టి ఓపిగ్గా కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని చెప్పుకున్నాను. "పూర్తిగా కాలలేదమ్మా. ఆయనది ఇంకా దరఖాస్తే, ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో వేశారు, వేసిన నాలుగు నెలల్లోపు అభ్యంతరం పెట్టొచ్చు, మీకింకా మూడు వారాలుంది. ముందునుంచీ ఆ పేరు వాడుతున్నది మీరేనని చూపించే కాగితం ఏదైనా ఉందా?" అనడిగింది. బస్సు పార్సిల్ రసీదులు కొన్ని ఉన్నాయి, అవి ఈమధ్యవి. మొదటి రోజులది ఏదీ లేదు.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించాను. బయట చెరువులు, చెరువుల మీద ఎండ, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఆ మగతలో నా ముక్కుకి మైదా జిగురు వాసన తగిలిందండి! బస్సులో జిగురెక్కడిది? ఉలిక్కిపడి లేచి, "శాంతీ, ప్రార్థన పుస్తకమే!" అని అరిస్తే బస్సంతా నన్నే చూసింది.

తిన్నగా పాస్టరమ్మగారింటికి పోయాం. పాత పుస్తకాలన్నీ ఆవిడ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. నా లేబుల్ కాస్త పసుపెక్కింది గానీ అంటించిన చోటే ఉంది, పక్కన తేదీ, కింద తొమ్మిది ఆమేన్‌లు. ఎనిమిది మా ఆడవాళ్ళవి. తొమ్మిదో సంతకం చూసి శాంతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది ఆ సహోదరుడిదే! ఆ శుక్రవారం చేపలకోసం మా ఊరొచ్చి, వ్యాను చెడిపోతే బాగయ్యేదాకా మందిరంలో వెనకాల కూర్చున్నారట, పుస్తకం తన దగ్గరికి వస్తే ఆయనా ఆమేన్ రాశారు. పాస్టరమ్మగారు గుర్తుతెచ్చుకుని చెబితే గానీ నాకు తెలియలేదండి.

లాయరమ్మ ఆ పేజీ నకలు జతచేసి అభ్యంతరం వేసింది, ఒక నకలు ఆయనకీ వెళ్ళింది. కొన్నాళ్ళకి ఆయన ఒక్కరే మా గుమ్మంలోకి వచ్చారు. ఆయన్ని తిట్టడానికి నేను ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో దేవుడికే తెలుసు! "అమ్మా, కాపాడమని అడిగిన ప్రార్థనకి ఆమేన్ రాసిన చేత్తోనే ఆ పేరు తీసుకున్నానండి" అని ఆయన తలవంచుకుంటే, ఆ మాటలన్నీ వదిలేసి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. మా ఆయన ఎడం చేత్తో కుర్చీ ఆయన వైపు జరిపారు. ఆయన దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు, మాది మేం వేసుకున్నాం. ఏడాది దాటాక సర్టిఫికెట్ వచ్చింది, దేవునికే మహిమ! ఇప్పుడు మా రెక్క పక్కన చిన్న సున్నాలో ఆర్ అక్షరం ఉంటుంది, రిజిస్టరైన పేరని గుర్తు, సీసాలు తుడిచినప్పుడల్లా దాన్ని వేలితో తడుముతాను.

కాబట్టి సహోదరులారా, దేవుడు మీ చేతిపనికి ఇచ్చిన పేరుని కాగితం మీద పెట్టించుకోండి, అది అవిశ్వాసం కాదు, అప్పగించినదానికి కాపలా కాయడమే. ఆలస్యమైపోయిందని కుమిలిపోతున్నవాళ్ళుంటే, నా దేవుణ్ణి నమ్మి ఒక్కసారి అడిగి చూడండి, మీరు మరిచిపోయిన పేజీ ఆయన మరిచిపోడు.

ఒక్క మాట చెప్పి కూర్చుంటానండి. ఆ సహోదరుడు ఇవాళ ఈ మందిరంలోనే ఉన్నారు. "నా పేరు చెప్పేయండమ్మా" అని పొద్దున ఆయనే అన్నారు. నేను చెప్పను. నా పేరు నాకు దక్కించడానికి దేవుడు అంత చేస్తే, ఇంకొకరి పేరు చెడగొట్టడానికి నేనెవర్నండి? మొన్న శుక్రవారం ఆయన తన మసాలా పొడులకి సొంతంగా ఒక పేరు అనుకుని, మా పుస్తకంలో లేబుల్ అంటించారు. దాని కింద మొదటి ఆమేన్ నాది.