తిరిగి రాదన్న వాక్యం

మా పై వాటాలో ఉండే పంతులమ్మ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఎవరేం రాసినా చదివి, తెలియనివాడికి ఇది అర్థమవుతుందా అని అడుగుతుందని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది. ఆమె ఉద్యోగమేమిటో నా బుర్రకెక్కడానికి చాలా సాయంత్రాలే పట్టాయి. మనం ఒక పని పురమాయిస్తే కంప్యూటరులో తనంతట తానే చక్కబెట్టే ఏఐ ఏజెంటు ఒకటుంటుందట. దానికి కొన్ని పనిముట్లు ఇస్తారు. ఏ పనిముట్టు ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో చెప్పే నాలుగు ముక్కలు ఈమె రాస్తుంది. ఆ ముక్కలు చూసే ఏజెంటు పనిలోకి దిగుతుంది. ఆఫీసులో అందరూ దాన్ని అల్లుడుగారు అంటారు. చెప్పిన పని చేసేస్తారు, ఎందుకిలా చేశారని నిలదీయడానికి మాత్రం ఉండదు.

ఆ పనిముట్లలో ఒకటి, దాచిపెట్టిన పాస్‌వర్డులను చెరిపేసేది. దానికి ఆమె, ఇక అవసరం లేని పాస్‌వర్డులను తొలగిస్తుంది అని రాసింది. చదివిన వాళ్ళంతా బాగుందన్నారు. వాళ్ళంతా మనుషులే మరి. ఇల్లు సర్దమంటే, ఈ పెట్టె పారేయనా అని ఒక్కమాట అడిగి గానీ చెయ్యి వెయ్యరు. రాసేటప్పుడు ఆమె మనసులో ఉన్నదీ అలాంటి మనిషే.

పంతులమ్మ మావయ్యకు మా వీధి చివర ఫొటో స్టూడియో ఉంది. చిన్నప్పుడు తల్లి పనికి వెళ్తే, ఈమె అక్కడే, మెట్లవరస బొమ్మ గీసిన తెర ముందు గుండ్రటి స్టూలు మీద కూర్చుని పెరిగింది. ఆయన తీసిన పాత ఫొటోలన్నీ ఇప్పుడు కంప్యూటరులో, తాళం పడ్డ అరలో ఉన్నాయి. దాని పాస్‌వర్డును కంప్యూటరే అల్లి, కంప్యూటరే దాచుకుంది. మనిషి కంట పడనే లేదు. మావయ్య జాగ్రత్తపరుడు, వేరేచోట ఇంకో నకలు కూడా పెట్టుకున్నాడు. దానికీ అదే తాళం.

ఒక మధ్యాహ్నం, కంప్యూటరు నత్తనడక నడుస్తోందని, పాతవన్నీ కాస్త సర్దిపెట్టమని, తన కంప్యూటరులోనూ ఉన్న ఆ ఏజెంటుకే చెప్పి ఆయన భోజనానికి వెళ్ళాడు. ఆ అర తెరిచి చాలాకాలమైంది. కాబట్టి దాని పాస్‌వర్డు ఇక అవసరం లేదని అల్లుడుగారు తీర్మానించారు.

మావయ్య కబురు పెడితే ఆమె పరుగున వెళ్ళింది. ఏ పనిముట్టు ఎందుకు వాడిందో ఏజెంటు తెర మీద చెప్పే ఉంచింది. ఆ కారణం ఈమె వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా. పంతులమ్మ దాచకుండా ఆ మాటే మావయ్యకు చెప్పేసింది.

"నువ్వు రాసిందేనా? హమ్మయ్య, బతికించావు. అయితే నువ్వే తెరువమ్మా," అన్నాడాయన.

అది వెటకారమైతే భరించేదాన్నని నాతో అంది. ఆయన నిజంగానే నమ్మాడు.

ఆఫీసులో తలపండిన వాళ్ళు చూసి చేతులెత్తేశారు. ఆమె ఆ నాలుగు ముక్కలూ తిరగరాసింది. చెరిపిన పాస్‌వర్డు తిరిగి రాదు. దాంతో తెరిచేవన్నీ మూతపడతాయి. చాలాకాలం వాడలేదంటే అవసరం లేదని కాదు. సొంతదారుకు ఏది పోతుందో పేరుపేరునా చెప్పి, సరే అన్నాకే చెరపాలి. చదివి వినిపిస్తే నాకే అర్థమైంది.

స్టూడియో కంప్యూటరులో దాన్ని పరీక్షించి చూసింది. మళ్ళీ సర్దమని చెబితే, ఫలానాది చెరిపితే తిరిగి రాదు, చెరపమంటారా అని ఏజెంటు అడిగింది.

"ఎంత మర్యాద నేర్చిందే," అన్నాడు మావయ్య. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడే అదే వీధిలో బేకరీ నడిపే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. పోయిన ఆమె భర్తకు ఉన్నది ఒక్కటే ఫొటో. అది ఇక్కడ తీసిందే, ఇంట్లో ఉన్న కాపీ ఏనాడో వాన నీళ్ళలో తడిసి పాడైపోయింది. పెద్దది చేయించి ఇమ్మని ఆమె అడగడం, వచ్చేవారం అని మావయ్య తప్పించుకోవడం చాన్నాళ్ళుగా నడుస్తోంది. ఆయన ఈసారి మేనకోడలి వైపు చూశాడు.

పంతులమ్మ లేచి, పెద్దమ్మను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఆ ఫొటో ఇక రాదు పెద్దమ్మా. తెరిచే దారి లేదు. ఎవరి దగ్గరా లేదు. తప్పు నాది."

ఇంతకంటే తేటగా తనకు చెప్పడం రాదట.

పెద్దమ్మ తల ఊపుతూ శ్రద్ధగా వింది. పంతులమ్మ చెయ్యి పట్టుకుని, "పెద్దది కాకపోయినా ఫర్వాలేదులే తల్లీ," అంది. "చిన్నదే ఇవ్వు. ఎప్పుడు రమ్మంటావు?"