సిద్దప్ప మాత్రల ముడుపు

అలావుద్దీన్ మదనపల్లె, పుంగనూరు సబ్ జైళ్లలో వార్డరుగా చేసి, ఎనభై రెండులో కుప్పానికి బదిలీ అయ్యాడు. మూడు ఊళ్లలోనూ ఆయన మనసు విరిచింది దొంగలు కాదు. వదిలిన నెలకే తిరిగొచ్చే మతి చెదిరినవాళ్లు. జబ్బుకు జైలు వైద్యమని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గాని!

గుడుపల్లె సిద్దప్ప అప్పటికి కుప్పం జైలుకు ఏడుసార్లు వచ్చాడు. ఊళ్లో రైతు చెంగల్రాయుడి కొట్టంలో దూరి ఎద్దుల పలుపులు విప్పేస్తాడు. అవి ఏడుస్తున్నట్టు అతనికి వినిపిస్తుంది. చెంగల్రాయుడికి మాత్రం అది పశువుల దొంగతనం. జైల్లో డాక్టరిచ్చే మాత్రలతో రెండు నెలల్లో మనిషి కుదుటపడేవాడు. విడుదల రోజు పంచె, తువ్వాలు, బీడీ కట్ట అతని చేతికిచ్చేవాళ్లు. మాత్రలు సర్కారువి కాబట్టి బీరువాలోనే ఉండిపోయేవి.

ఇలాంటివాళ్లకు బయట వైద్యం ఎలా అందించాలని మదనపల్లెలో ఒక సమావేశంలో డాక్టర్లు, అధికారులు మాట్లాడుకుంటుంటే, కుప్పం నుంచి జైలరు వెంట వచ్చి గోడవారగా నిలబడ్డ అలావుద్దీన్ ఉండబట్టలేకపోయాడు.

"తువ్వాలు ఇచ్చి పంపిస్తాండాము, మాత్రలు పెట్టుకుంటాండాము. వాడు మల్లా రాకుండా యాడికి పోతాడు సార్?"

నవ్వారు గాని, మాట విన్నారు. ఆసారి సిద్దప్ప రోజుకొకటి చొప్పున నెలకు సరిపడా పొట్లాలతో ఇల్లు చేరాడు. అయినా రెండో నెలలోనే ఎనిమిదోసారి వచ్చాడు. అలావుద్దీన్‌కు తల కొట్టేసినట్టయింది. సెలవు పెట్టి గుడుపల్లెకు పోయాడు.

సిద్దప్ప తల్లి పాపమ్మ దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ మూట తెచ్చి చూపించింది. పొట్లాలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

"యాలమ్మా ఇట్ల జేస్తివి?"

"బాగుపడి వచ్చినాడు కదప్పా. బాగుండే బిడ్డకు మందు మింగిస్తే రోగాన్ని పిలిచినట్టు కాదా? మల్లా రాకూడదని ముడుపు కట్టినా."

అలావుద్దీన్‌కు కోపం నోటిదాకా వచ్చి ఆగింది. తన తల్లీ తన జ్వరానికి దర్గాలో దారం కట్టిన మనిషే.

"ముడుపు ఉండనీమ్మా. మాత్ర దినమూ నీ కళ్లెదుట మింగించు, ఖాళీ కాగితం ముడుపులో ఎయ్యి. ముప్పై అయినాక కుప్పం ఆస్పత్రికి తీసుకురా, కొత్తవి ఇప్పిస్తా."

సిద్దప్ప విడుదలయ్యాక తల్లీకొడుకులు నెలనెలా వచ్చిపోయేవాళ్లు. ఏడాది తిరిగాక ఒక పొద్దున సిద్దప్ప ఒక్కడే జైలు గేటు ముందు నిలబడ్డాడు. అలావుద్దీన్ అతని వెంట పోలీసు కోసం చూశాడు. ఎవరూ లేరు. సిద్దప్ప చేతిలో పసుపు మూట ఉంది.

"ఆస్పత్రికి పోతాండానప్పా, ఖాళీ కాగితాలు ముప్పై ఉండాయి సూడు."

"అమ్మ రాలేదా?"

"నేనే పోతానంటి. చెంగల్రాయప్ప దగ్గర పనికి ఉండాను కదా. పొద్దున్నే ఎద్దులకు మేతేసి, కట్టేసి వచ్చినా."