పెద్ద డ్రమ్ము లేని నడక

వరదయ్యకు చర్చిలో పెట్టిన పేరు ఇంకొకటి ఉంది. పాస్టరుగారు తప్ప దాన్ని ఎవరూ వాడలేదు. రాయపురంలో ఆయన పెద్ద డ్రమ్ము వరదయ్య. తండ్రి నెల్లూరు వైపు నుంచి హార్బరు కూలికి వచ్చిన మనిషి. కొడుకైనా మూటల కింద నలగకూడదని బ్యాండులో చేర్చాడు. తీరా చేర్చాక, అక్కడివాళ్లు మూటకంటే పెద్దదాన్నే మెడకు తగిలించారు.

అప్పటినుంచి ఆయన బతుకంతా ఆ డ్రమ్ము వెనకాలే గడిచింది. పెళ్లి ఊరేగింపుల్లో జనం క్లారినెట్ చుట్టూ మూగేవారు, ట్రంపెట్ వాడి మెడలో పూలదండ వేసేవారు. డ్రమ్ము వైపు చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఇంట్లో ఉన్న ఊరేగింపు ఫొటోలన్నిటిలోనూ వరదయ్యవి బూట్లు, టోపీ మాత్రమే కనిపిస్తాయి. భార్య సునయన ఆ బూట్లనే చూపించి, ఈయనే మా ఆయన అని చుట్టాలకు చెప్పేది.

ట్రంపెట్ ఊదే చిన్నబాబు ఆయన్ని తెగ ఏడిపించేవాడు.

"రెండు చేతులుండే ఎవుడైనా చేస్తాడు గదన్నా నీ పని."

వరదయ్యకు కోపం వచ్చేది కాదు. "నేను పోయిన పొద్దు తెలుస్తాది లేరా నీకు," అని తన టీ తాను తాగేవాడు.

ఆ పొద్దు రానే వచ్చింది. ఆదివారం ప్రార్థన నుంచి ఇంటికొచ్చి, అన్నానికి కూర్చోబోతూ వరదయ్య కుప్పకూలాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

వాషర్‌మెన్‌పేట్‌లో సైకిల్ షాపు పైగదిలో బ్యాండు సోదరుల సంఘం ఉంది. ఇప్పుడు చిన్నబాబే దానికి పెద్ద. పెళ్లిళ్లన్నీ స్పీకరు బాక్సుల పాలయ్యాక సంఘంలో మిగిలింది కొద్దిమందే. అయినా సభ్యుడు పోతే సాగనంపే పద్ధతిని మాత్రం వాళ్లు వదల్లేదు. పోయినవాడి టోపీ శవపెట్టె మీద పెడతారు. సమాధుల తోట దాకా సంఘం పాట వాయిస్తూ ముందు నడుస్తారు. వరుసలో ఆయన చోటు ఖాళీగా వదిలేస్తారు. ఆయన వాయిద్యాన్ని ఆ రోజు ఎవరూ ముట్టరు. పాటలో ఆయన వంతు వచ్చినప్పుడు అక్కడ ఏమీ వినిపించదు.

క్లారినెట్ వాళ్లు పోయినప్పుడు ఈ పద్ధతి బాగానే నడిచింది. పాటలో చిన్న గుంట పడేది, మిగతావాళ్లు దాటి వెళ్లిపోయేవారు. కానీ చావు నడకలో చిన్న డ్రమ్ములకు నల్లగుడ్డ కట్టేస్తారు. మోగేది పెద్ద డ్రమ్ము ఒక్కటే. అదీ లేకపోతే ఎవరి అడుగు ఎప్పుడు పడాలో, ఎవరి ఊపిరి ఎక్కడ ఆగాలో చెప్పేవాడు ఉండడు. ఈ సంగతి చిన్నబాబుకు పెట్టె ముందు నిలబడ్డాకే తట్టింది. నడివీధిలో పాట చెదిరిపోతే పరువు పోయేది సంఘానిది కాదు, పెట్టెలో ఉన్న మనిషిది.

"ఈ ఒక్కసారికి ఎవరైనా కొట్టనీ అన్నా," అన్నాడు క్లారినెట్ జెబరాజ్. "లేకుంటే మనం ఈడనించి చర్చి దాకా కూడా పోలేం."

చిన్నబాబు సునయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆదివారం నుంచి ఆమె కంట చుక్క రాలేదు.

"వదినా, డ్రమ్ము ఎవరిచేతనన్నా కొట్టిద్దామా?"

"ఇంకొకరు కొడితే, ఆయన ఉండాడనే అనుకుంటారు గదా అందరూ," అంది ఆమె. "వద్దు."

"పాట చెడిపోతాది వదినా."

"చెడనీ."

ఇక మాట్లాడటానికి ఏముంది. చర్చి తోపుడు బండి మీద పెట్టె ఎక్కించారు. వెనక ఆటోలో డ్రమ్మును పడుకోబెట్టారు. సునయన బండి పట్టుకుని నడిచింది. వరుస మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి చిన్నబాబు ట్రంపెట్ ఎత్తాడు.

మొదటి సందు దాటకముందే అనుకున్నంతా అయింది. జెబరాజ్ ముందుకు పోయాడు. ట్రంపెట్ వెనకపడింది. ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. టీ కొట్టు దగ్గర ఎవడో, "బ్యాండోళ్లు పొద్దున్నే ఏసుకున్నట్టుండారే," అని నవ్వాడు. చిన్నబాబుకు చెవులు కాలిపోయాయి. చేపల బజారు మలుపు దగ్గరికి వచ్చేసరికి పాట పాటగానే లేదు. ఇక చాలు, ఆటోలోంచి డ్రమ్ము దింపించి నేనే కొడతాను అనుకుని ట్రంపెట్ దించేశాడు. మిగతావాళ్లూ ఆగిపోయారు.

ఆ మలుపులోనే పొన్నుతాయి కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ ఉంది. ఎన్ని ఊరేగింపులు వెళ్లినా తలెత్తి చూడని మనిషి ఆమె. ఇప్పుడూ పెట్టె వైపు చూడలేదు. బండికి కట్టిన ఫొటో వైపూ చూడలేదు. చేతిలో చేప అలాగే ఉంది, కోత మాత్రం ఆగింది.

"అయ్యో, పెద్ద డ్రమ్ము అన్ననా పోయిండేది?" అని అరవంలో అడిగింది, ఎవరినని కాకుండా.

బండి పట్టుకున్న సునయన కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. బజారంతా వినేలా ఏడ్చింది.

చిన్నబాబు ఆటో వైపు వెళ్లలేదు. తన చోట్లోకి తాను వచ్చి మళ్లీ ట్రంపెట్ ఎత్తాడు. జెబరాజ్ అతని వైపు చూసి క్లారినెట్ అందుకున్నాడు. సమాధుల తోట దాకా ఎవరి పాట వారిదే అయింది. కలపాలని ఎవరూ చూడలేదు. దారి పొడుగునా జనం గడపల్లోకి వచ్చి, విని, చెప్పులు విడిచి నిలబడ్డారు.

చిన్నబాబు పక్కనున్న ఖాళీని చూస్తూ నడిచాడు. అడుగు ఎప్పుడు వెయ్యాలో అతనికి ఒక్కసారి కూడా తెలియలేదు.