మామ్మ తొక్కిన గీత

నా చిన్నప్పుడు ఆదివారమంటే నాకు గిట్టేది కాదు. నాన్నకు టాటానగర్ రైల్వేలో ఉద్యోగం వచ్చి, శ్రీకాకుళం వైపు నుంచి మేమక్కడికి చేరి అప్పటికి మూడు నెలలైంది. నాకు హిందీ ముక్క రాదు. బడిలో నోరు విప్పితే నవ్వేవారు, అందుకని విప్పడమే మానేశాను. మిగతా రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆదివారం మాత్రం కాలనీ పిల్లలంతా ఆడుకుంటుంటే కిటికీ దగ్గర నిలబడి చూడడమే నా పని. ఎంత ఏడుపొచ్చేదో!

పక్క క్వార్టర్లో మా వైపు మామ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ తెలుగులో పలకరిస్తే, సొంత మనవలే హిందీలో ఏదో అనేసి పారిపోయేవారు. ఒక ఆదివారం ఆవిడ నన్ను మినీబస్సెక్కించి ఊళ్లోని పెద్ద పార్కుకు తీసుకెళ్ళింది. గులాబీలు, ఫౌంటెన్లు, ఎటు చూసినా జనం. అంతమందిని చూసేసరికి నాకు ఇంకా దిగులేసింది. ఆవిడ కొంగు పట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాను.

ఎదురుగా మా కాలనీ అమ్మాయిలే నలుగురు, సిమెంటు దారి మీద ఇటుకముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. మామ్మ కాసేపు చూసి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వాళ్ళ మధ్యకు పోయి బిళ్ళ విసిరింది. అరవయ్యేళ్ళ మనిషి ఒంటికాలి మీద! నాకు తల కొట్టేసినట్టయింది. పైగా ఒక్క గెంతూ సరిగా లేదు.

"గీత తొక్కీసినావు మామ్మా! అవుటు!" అని అరిచాను, ఉండబట్టలేక.

"ఏటి? నాను తొక్కనేదు. నీకొస్తే ఆడి సూపించు!"

"దాదీ అవుట్!" అని ఆ అమ్మాయిలూ నా పక్షాన గోల చేశారు. ఒకమ్మాయి బిళ్ళ నా చేతిలో పెట్టింది. పొద్దు వాలేదాకా ఆడాను, వాళ్ళ మాటలు సగం కూడా అర్థం కాకుండానే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మామ్మ మోకాలు రుద్దుకుంటూ, "మా ఊర్లో ఈ ఆటలో నన్ను ఓడించినోల్లు నేరే," అంది. ఆ గీత ఆవిడ కావాలనే తొక్కిందని నాకప్పుడు తెలిసింది.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయిలు గుమ్మంలోకొచ్చి పిలిస్తే ఒక్క పరుగు తీశాను. మామ్మ ఉతికిన చీర కట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉంది. నేను రమ్మనలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రమ్మనలేదు.

ఇప్పుడు నాకూ ఆ వయసొచ్చింది. పార్కులో ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే, నాకు తెలిసిన దారినే కావాలని తప్పుగా చెప్పి, వాళ్ళు దిద్దుతుంటే వింటాను. అది మామ్మ నేర్పిందే. లేచేటప్పుడు "మీరూ రండి" అనడం మాత్రం ఆవిడ నేర్పలేదు. ఆవిడను అలా గుమ్మంలో వదిలేశాక నాకు నేనే నేర్చుకున్నాను.